నాలుగు హద్దుల నడుమ

పొలం దస్తావేజు చివర షెడ్యూలు అని ఒక భాగం ఉంటుంది. తూర్పున ఫలానావారి మెరక, దక్షిణాన పంటకాలువ, పడమర పుంత, ఉత్తరాన ఫలానావారి మామిడితోట అని వరసగా చెప్పి, ఈ నాలుగు హద్దుల మధ్య గల ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్ల భూమి అని ముగిస్తారు. హద్దులు చెప్పే భాగానికి చెక్కుబందీ అని పేరు. ఎకరాల లెక్కను తెలుగులో విస్తీర్ణం అంటాము, రెవెన్యూ కార్యాలయాలలో ఇంగ్లీషు మాటతో ఎక్స్‌టెంటు అంటారు. "మీ ఎక్స్‌టెంటు ఎంతండీ?" అని గుమస్తా అడిగితే ఎకరాలు చెప్పాలి గాని హద్దులు చెప్పకూడదు.

విచిత్రమేమిటంటే, కంప్యూటరులో పటాలతో పనిచేసే జీఐఎస్ సాఫ్టువేరులోకి అడుగు పెట్టగానే ఇదే మాట అర్థం మార్చుకుంటుంది. అక్కడ ఎక్స్‌టెంటు అంటే ఎకరాలు కావు, చెక్కుబందీ. పడమటి హద్దు, తూర్పు హద్దు, దక్షిణపు హద్దు, ఉత్తరపు హద్దు అనే నాలుగు అంకెలు. మాట ఒకటే, ఒకచోట ఫలితం, మరొకచోట ఆ ఫలితానికి ఆధారం. భూచిత్రాలతో పనిచేస్తున్న ఇన్నేళ్ళలో నేను చూసిన తగాదాలలో చాలావాటికి మూలం ఈ రెంటినీ కలగాపులగం చెయ్యడమే. భూమి వ్యాజ్యాలలో ఒక పాత సూత్రం ఉంది: దస్తావేజులో హద్దులకూ విస్తీర్ణానికీ పొత్తు కుదరకపోతే సాధారణంగా హద్దులకే బలం. గళ్ళ పటాల విషయంలోనూ ఇది అక్షరాలా నిజమని చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పటాలు రెండు జాతులు. ఒకటి గీతల పటం. చెరువు గట్టు వెంట బిందువులు పెట్టుకుంటూ పోయి, మొదటి బిందువుకు తిరిగివచ్చి కలిపితే ఒక బహుభుజి అవుతుంది. దాని ఆకారం ఎంత వంకరగా ఉన్నా ఇబ్బంది లేదు. రెండవది గళ్ళ పటం, రాస్టరు అంటాము. ఉపగ్రహం తీసిన బొమ్మ ఇటువంటిదే. నేలనంతా సమానమైన గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక్కొక్క అంకె ఇస్తారు. ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలలో, 1982లో పంపిన నాల్గవదానినుంచీ, గడి వైశాల్యం ముప్ఫై మీటర్ల పొడవు, ముప్ఫై మీటర్ల వెడల్పు. అంటే 900 చదరపు మీటర్లు. మన లెక్కలో 22 సెంట్ల పైచిలుకు, తెలంగాణ లెక్కలో రమారమి 9 గుంటలు. 2015లో పంపిన సెంటినెల్-2 చిత్రాలలో గడి పది మీటర్లది. అది దాదాపు సరిగ్గా ఒక గుంట. గుంట అంటే 121 చదరపు గజాలు, 101 చదరపు మీటర్లు కదా! యూరపువారి ఉపగ్రహానికి తెలంగాణ పట్వారీ కొలమానం ఇంత చక్కగా అమరడం నాకు ఎప్పుడూ ముచ్చటగా తోస్తుంది.

ఇప్పుడు ఒక చెరువు బహుభుజి మన దగ్గర ఉంది, జిల్లా అంతటి గళ్ళ పటం కూడా ఉంది. చెరువు మేరకు పటాన్ని కత్తిరించాలి. క్రాప్ అనే ఆజ్ఞ ఇస్తాము. కొత్తవారు దాదాపు అందరూ ఇక్కడ ఒకసారి తెల్లబోతారు. చెరువు ఆకారంలో తెగిన ముక్క వస్తుందనుకుంటే, దీర్ఘచతురస్రం వస్తుంది. సాఫ్టువేరు చెరువు ఆకారాన్ని చూడనే లేదు. దాని చెక్కుబందీని మాత్రమే చూసింది. చెరువు మొత్తం మీద మిక్కిలి పడమరగా ఉన్న బిందువు ఏది, మిక్కిలి తూర్పుగా ఉన్నది ఏది, అలాగే ఉత్తరం, దక్షిణం. ఆ నాలుగు అంకెల నడుమ ఉన్నదంతా ఇచ్చింది. చెరువు వెలుపలి గళ్ళను ఖాళీ చెయ్యడం మాస్క్ అనే వేరే ఆజ్ఞ పని. క్రాప్ హద్దులను కుదిస్తుంది, ఆకారం పట్టించుకోదు. మాస్క్ ఆకారాన్ని పాటిస్తుంది, హద్దుల జోలికి పోదు. ఈ రెండు మాటలు గోడమీద రాసి పెట్టుకుంటే సగం చిక్కులు తీరిపోతాయి.

మిగిలిన సగం చిక్కు ఇంతకంటె సూక్ష్మమైనది. చెరువు పడమటి కొస గడి అంచుమీదనే పడాలని ఏముంది? అది గడి మధ్యలో ఎక్కడో పడుతుంది. గడిని సగానికి చీల్చడానికి వీలు లేదు. కాబట్టి హద్దు దగ్గరి అంచుకు జరగాలి, లేదా గడి మొత్తం కలిసేలా బయటికి జరగాలి, లేదా గడి మొత్తం పోయేలా లోపలికి జరగాలి. ఆర్ భాషలో గళ్ళ పటాల కోసం రాబర్ట్ హైమన్స్ రాసిన టెర్రా ప్యాకేజీలో ఈ మూడు దారులకూ మూడు మాటలున్నాయి: దగ్గర, వెలుపల, లోపల. ఏమీ చెప్పకపోతే దగ్గరి అంచును ఎంచుకుంటుంది. అంటే మనం పట్టించుకోకపోయినా తీర్పు జరిగిపోతూనే ఉంటుంది. చెరువు కొసన ఒక వరస గళ్ళు ఉండటమా పోవడమా అన్నది మన పరోక్షంలో తేలిపోతుంది.

దీనికి తిరుగు ప్రయాణం కూడా ఉంది. గీతల పటాన్ని గళ్ళ పటంగా మార్చడం, అంటే రాస్టరైజ్ చెయ్యడం. ఇక్కడ ప్రతి గడినీ ఒక ప్రశ్న అడగాలి: నువ్వు చెరువువా, కాదా? గడి పూర్తిగా లోపల ఉంటే జవాబు సులువు, పూర్తిగా బయట ఉన్నా సులువే. గట్టు మీద కూర్చున్న గడి మాటేమిటి? వాడుకలో ఉన్న నియమం చాలామటుకు ఇది: గడి నడిబొడ్డున ఒక చుక్క ఉందనుకుని, ఆ చుక్క బహుభుజి లోపల పడితే గడి మొత్తం చెరువే, బయట పడితే గడి మొత్తం మెట్టే. ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో మొదలుపెట్టిన జీడాల్ అనే ఉపకరణాల సంపుటి కూడా బహుభుజుల విషయంలో మామూలుగా ఇదే పాటిస్తుంది. జనం విరివిగా వాడే క్యూజీఐఎస్ లోపల ఈ పనులు చాలావరకు చేసేది జీడాలే. మరో నియమం కావాలంటే కూడా ఉంది: తాకిన ప్రతి గడినీ కలుపుకోవడం.

నియమాలు మారితే ఏమవుతుందో ఒక చిన్న లెక్క చూద్దాం. కాగితం, పెన్సిలు చాలు. ఒక చదరపు పొలం, నూరు మీటర్ల పొడవు, నూరు మీటర్ల వెడల్పు. సరిగ్గా ఒక హెక్టారు, 2.47 ఎకరాలు. దానిమీద ముప్ఫై మీటర్ల గళ్ళ వల పరచండి. వల ఎక్కడ మొదలైందన్నదాన్ని బట్టి, నూరు మీటర్ల పొడవులో గడి కేంద్రాలు మూడు పడవచ్చు, నాలుగు పడవచ్చు. కనుక పొలానికి 9 గళ్ళు దక్కవచ్చు, 12 దక్కవచ్చు, 16 కూడా దక్కవచ్చు. ఎకరాలలో చెప్పాలంటే 2.00, 2.67, 3.56. తాకిన గడినల్లా కలుపుకుంటే 16 నుంచి 25 గళ్ళు, అంటే 5.56 ఎకరాల దాకా పోతుంది. పూర్తిగా లోపలున్న గళ్ళనే లెక్కిస్తే 4 గళ్ళకు, అంటే 90 సెంట్ల లోపుకు కూడా దిగవచ్చు. పొలం కదలలేదు, గట్టు జరగలేదు, రైతు ఒక్క నాగటి చాలు కూడా పక్కకు దున్నలేదు. వల మాత్రం కొన్ని మీటర్లు జరిగింది, నియమం మారింది. ఒక హెక్టారు 90 సెంట్లు కావచ్చు, అయిదున్నర ఎకరాలు కావచ్చు.

పెద్ద ప్రాంతాలకు కేంద్రపు నియమం అంత అన్యాయం చెయ్యదు. ఒకచోట అదనంగా కలిసిన గడి మరొకచోట పోయిన గడితో చెల్లిపోతుంది. మండలం, జిల్లా అంతటి లెక్కలో తేడా దాదాపు కనిపించదు. తాకితే చాలుననే నియమం మాత్రం ఎప్పుడూ ఎక్కువే చూపుతుంది. పూర్తిగా లోపల ఉండాలనే నియమం ఎప్పుడూ తక్కువే చూపుతుంది. సన్నని వాటి సంగతి మరీ ఘోరం. ఇరవై మీటర్ల వెడల్పున తిన్నగా పోయే పంటకాలువ గడి కేంద్రాల వరస మీదుగా పోతే ముప్ఫై మీటర్ల వెడల్పు నది అవుతుంది, రెండు వరసల నడుమనుంచి పోతే పటంలోంచే మాయమవుతుంది. వంకర కాలువైతే తెగిన దారంలా అక్కడక్కడా కనిపిస్తుంది. సగటున అంతా సరిపోయిందని జిల్లా నివేదిక రాసేవారు చెప్పవచ్చు. గట్టు పక్కన పొలం ఉన్నవాడికి సగటుతో పనేమిటి?

ఇటీవల మా చెల్లెలి కొడుకు ఫోను చేశాడు. వాడు రిమోట్ సెన్సింగులో పరిశోధన చేస్తున్నాడు. ఒక ఊరి చెరువు నీటిమేర పాతికేళ్ళలో ఎలా మారిందో చూడటం వాడి పని.

"మామయ్యా, రెండు పటాలూ ఒకే చెరువువి. రెంటిలోనూ ముప్ఫై మీటర్ల గళ్ళే. అడ్డం, నిలువు వరసల లెక్క కూడా ఒకటే. తీసివేత చెయ్యమంటే ఎక్స్‌టెంట్లు సరిపోలడం లేదంటుంది."

"రెండో పటం దేనినుంచి తీశావురా?"

"పాతది ల్యాండ్‌శాట్. కొత్తది సెంటినెల్. పది మీటర్ల గళ్ళు మూడేసి చొప్పున కలిపి ముప్ఫై చేశాను. ఒక ఉపాయం దొరికింది. మొదటి పటం ఎక్స్‌టెంటు తీసి రెండోదానికి అతికిస్తే నోరు మూసుకుంటుందట. పెట్టెయ్యనా?"

వాడు చెప్పిన ఉపాయం ఇంటర్నెట్టులో చాలాచోట్ల కనిపించేదే. సాఫ్టువేరు నిజంగానే నోరు మూసుకుంటుంది. ఒక పటానికి కొత్త హద్దులు రాసి ఇస్తే అది గళ్ళలోని అంకెలను ముట్టుకోదు, వాటి నేలను మారుస్తుంది. వరసల లెక్క సమానమైతే బొమ్మ మొత్తం పక్కకు జరుగుతుంది. సమానం కాకపోతే రబ్బరులా సాగుతుంది, గడి పరిమాణమే మారిపోతుంది. పక్కవాడి సర్వే నెంబరును మన దస్తావేజు మీద రాసుకున్నంత మాత్రాన పొలం అక్కడికి నడిచి వెళ్ళదు గదా!

అసలు ఆ రెండు పటాలు ఎందుకు కలవలేదంటే, రెంటి వలలూ వేర్వేరు చోట్ల మొదలయ్యాయి. ల్యాండ్‌శాట్ వలలో గడి కేంద్రాలు ముప్ఫై గుణిజాల మీద పడతాయి, కాబట్టి అంచులు వాటికి పదిహేను మీటర్ల అవతల ఉంటాయి. సెంటినెల్ వలలో గడి అంచులే పది గుణిజాల మీద పడతాయి. మూడేసి గళ్ళను ఎక్కడనుంచి కలపడం మొదలుపెట్టామన్నదాన్ని బట్టి రెండు వలల మధ్య ఒక్కొక్క దిశలో 5 మీటర్లో, 15 మీటర్లో తేడా ఉండితీరుతుంది. అంచులను ముప్ఫై గుణిజాలకు తెచ్చి సర్దమని జీడాల్‌కు చెప్పే ఆజ్ఞ ఒకటి ఉంది. దాన్ని సర్వరోగ నివారిణిలా వాడేవారున్నారు. ల్యాండ్‌శాట్ విషయంలో దాన్ని వాడితే గడి అంచులు సరిగ్గా అరగడి జరుగుతాయి, గళ్ళలోని విలువలను మళ్ళీ పంచవలసి వస్తుంది. సర్దుబాటు అనుకున్నది కొత్త పంపకం అవుతుంది.

ఇంతలో ఏముందనవచ్చు, పదిహేను మీటర్లే గదా అని. ఒక పటం తూర్పుకు పదిహేను మీటర్లు జరిగిందనుకోండి. తీసివేత చేస్తే చెరువు తూర్పు ఒడ్డు వెంట నీరు పెరిగినట్టు, పడమటి ఒడ్డు వెంట నీరు తగ్గినట్టు నెలవంకల్లా రెండు చారలు కనిపిస్తాయి. నీరు తగ్గిన చార ఎవరి పొలం పక్కన ఉంటే వారు చెరువును పూడ్చుకున్నారని చదివేవారు అనుకుంటారు. 2024లో హైదరాబాదులో హైడ్రా ఏర్పడినప్పటినుంచి చెరువు పూర్తి నీటిమట్టం, దాని చుట్టూ వదలవలసిన జాగా అన్న మాటలు సామాన్యుల నోళ్ళలో కూడా నానుతున్నాయి. ఉపగ్రహ చిత్రంలోని ఒక గడి ఎవరి ఇంటి భవితవ్యాన్నీ తేల్చకూడదు, నేలమీద కొలత ఉండవలసిందే. అయినా అనుమానం మొదలయ్యేది పటంలోనే. లేని ఆక్రమణను ఒక అరగడి సృష్టించగలదు, ఉన్న ఆక్రమణను దాచనూగలదు.

అందుకని వాణ్ణి ఒకటే అడిగాను: నీ చెరువుకు ఏ వల అధికారికం? ముందు అది తేల్చుకో. పాత పటాన్ని మార్చలేవు గనుక ల్యాండ్‌శాట్ వలనే ప్రమాణంగా పెట్టుకో. దానినుంచి చెరువు చుట్టూ కాస్త ఉదారంగా, నాలుగు పక్కలా కొన్ని గళ్ళు అదనంగా ఉండేలా, గళ్ళ అంచుల మీదనే ఒక దీర్ఘచతురస్రం కత్తిరించుకో. అదే నీ మాతృక. సెంటినెల్ చిత్రాన్ని ఆ వలలోకి మళ్ళీ లెక్కకట్టి దించు. దాన్ని రీశాంపిల్ అంటారని నీకు తెలుసు. చెరువు బహుభుజిని కూడా ఆ మాతృక మీదనే రాస్టరైజ్ చెయ్యి. బహుభుజి చెక్కుబందీ తీసుకుని కొత్త వల అల్లుకోవద్దు. అలా అల్లితే వల చెరువు మూలనుంచి మొదలవుతుంది, పైగా చెరువు పొడవు ముప్ఫైతో నిశ్శేషంగా భాగింపబడదు. అప్పుడు హద్దైనా జరగాలి, గడి కొలతైనా మారాలి. మాస్క్ చెయ్యడం ఆఖరుకు ఉంచుకో. వాడు రెండు రోజులు కూర్చుని అలాగే చేశాడు. తూర్పున ఒక చార పోయింది. పడమట ఒక చార మిగిలింది. మిగిలినదాన్ని చూడటానికి ఊరికి వెళ్ళాడు. పటం చెయ్యగలిగిన ఉపకారం అంతే: ఎక్కడికి వెళ్ళి చూడాలో చెప్పడం.

చెరువు నుంచి సరస్సుకు వస్తే హద్దుల మహిమ ఇంకా బాగా తెలుస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరునే తీసుకోండి. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు ఐదవ కాంటూరును, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీతను, హద్దుగా పెట్టారు. లోపల ఉన్నది సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అదే కొల్లేరు రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరింది. అక్కడ నమోదైనది 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఏది నిజం? రెండూ నిజమే. కొల్లేరు ఎంత అన్న ప్రశ్నకు ముందు ఏ హద్దు అన్న ప్రశ్న ఉంది. 2005-06లో ఐదవ కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పుడు ఆ గీతకు అటు ఉన్నవారికీ ఇటు ఉన్నవారికీ ఆ తేడా పుస్తకాలలోది కాదు, బతుకుతెరువుది.

ఇప్పుడు ఎవరైనా ఉత్సాహవంతుడు ఆ ఐదడుగుల గీతను తన కంప్యూటరులో తానే గీద్దామనుకుంటాడు. అందరికీ ఉచితంగా దొరికే ఎత్తుల పటం 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండెవర్ పదకొండు రోజులు తిరిగి చేసినది. అందులో ఎత్తులు పూర్ణాంక మీటర్లలో ఉంటాయి. ఐదడుగులు అంటే 1.52 మీటర్లు. గడిలో 1 ఉండవచ్చు, 2 ఉండవచ్చు, ఒకటిన్నర ఉండదు. ఆ ఎత్తులలో ఉండగల పొరపాటే కొన్ని మీటర్లు. అయినా కాంటూరు గీయమంటే సాఫ్టువేరు చక్కని నున్నని గీత గీసి ఇస్తుంది, దశాంశాలతో సహా. గీత నునుపు చూసి దాన్ని నమ్మేవారే ఎక్కువ. దాన్ని మళ్ళీ రాస్టరైజ్ చేస్తే, హద్దు వెంట ప్రతి కిలోమీటరుకూ కనీసం 33 గళ్ళు గట్టు మీద కూర్చుంటాయి. ఏడెకరాలకు పైగా నేల. గీత ఏటవాలుగా పోతే ఇంకా ఎక్కువ. ఆ ఏడెకరాలు లోపలా బయటా అన్నది గడి నడిబొడ్డున మనం ఊహించుకున్న చుక్క చెబుతుంది.

ఇదంతా చదివి గళ్ళ పటాలను వదిలెయ్యమంటున్నాననుకోకండి. వాటితోనే నా బతుకు. నేను కోరేది, దస్తావేజు రాసేవాడు పాటించే పాటి మర్యాద మనమూ పాటించాలని. విస్తీర్ణం రాసే ముందు వాడు చెక్కుబందీ రాస్తాడు. మనమూ వైశాల్యం ప్రకటించే ముందు నాలుగు హద్దులు, గడి కొలత, వల ఎక్కడ మొదలైందో, ఏ ప్రక్షేపంలో ఉందో చెప్పాలి. ప్రక్షేపం మాట తేలికగా తీసుకోవద్దు. యూటీఎం పద్ధతిలో 78 డిగ్రీల రేఖాంశం దగ్గర మండలం మారుతుంది. హైదరాబాదు, కొల్లేరు 44వ మండలంలో ఉంటే అనంతపురం 43లో ఉంది. రెంటినీ ఒకే వలలో పెట్టాలంటే ఒకదాన్నయినా మళ్ళీ లెక్కకట్టక తప్పదు. ఆపైన, గట్టు మీది గడిని ఏ నియమంతో కలిపామో ఒక్క వాక్యంలో రాయాలి. ఆ వాక్యం లేని వైశాల్యం హద్దులు లేని దస్తావేజు వంటిది.

గట్టు మీది గడికి ఇంకొక న్యాయం కూడా ఉంది. నువ్వు చెరువువా కాదా అని అడిగే బదులు, నీలో ఎంత భాగం చెరువు అని అడగవచ్చు. టెర్రాలో రాస్టరైజ్ చేసేటప్పుడు ఈ ప్రశ్న వేసే వీలుంది. గడి ఎంత మేరకు కప్పబడిందో భిన్నంగా చెబుతుంది. ఆ భిన్నాలన్నీ కూడి గడి వైశాల్యంతో హెచ్చిస్తే మనం చూసిన హెక్టారు పొలం, వల ఎటు జరిగినా, హెక్టారుకు చాలా దగ్గరగానే నిలుస్తుంది. లెక్క కాస్త ఆలస్యమవుతుంది, ఫైలు కాస్త బరువెక్కుతుంది. పల్లెలలో రెండు పొలాల నడుమ గట్టు చెరి సగమని పెద్దలు ఎప్పుడో తీర్పు చెప్పారు. గట్టు మీద పెరిగిన తాడిచెట్టు కాయల దగ్గర తగవులాడుకున్నా, ఆ సగం మాటను ఎవరూ కాదనరు. సగం అనే మాట ఉన్నచోట ఇద్దరికీ చోటుంటుంది. ఒకటి లేదా సున్న తప్ప మరొకటి తెలియని వలలో ఎవడో ఒకడు గట్టు దిగవలసిందే.